తొలి క్యాంపుకి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా నీకిదే తొలి ఏడురోజుల క్యాంపని మీ అమ్మ చెప్పింది. పద్నాలుగు క్యాంపులు నడిపినవాణ్ణి గనక నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు బస సంగతి. గుడి మండపం ఇస్తామంటారు, వద్దను. బడిలోనే దిగండి, మీటింగులూ అక్కడే పెట్టు. గుడి అరుగు ఎక్కడానికి ఊళ్లో ఎవరు జంకుతారో నీకెవరూ చెప్పరు. వాళ్లు రాకుండా ఉండిపోతారు, అంతే.

శ్రమదానం ఎప్పుడూ ఎస్సీ కాలనీలోనే చేయించడం మనకి అలవాటైపోయింది, మురికంతా అక్కడే ఉన్నట్టు. నువ్వు పెద్దబజారు కాలువతో మొదలుపెట్టు.

జట్లు కట్టడం మాత్రం పిల్లలకి వదలకు. ఒకసారి నేను వదిలేశాను. మూడోరోజు రాత్రి చూస్తే, గిన్నెలు తోముతున్నవాళ్లంతా సాంఘిక సంక్షేమ హాస్టలు పిల్లలే. ఎవరూ వాళ్లకి పురమాయించలేదు, దానంతటదే అలా కుదిరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పట్నుంచీ రోల్ నంబర్ల ప్రకారం జట్లు, రోజుకో పని. మగపిల్లలు కూరలు తరగాలి, ఆడపిల్లలు పార పట్టాలి.

పరిచయాల్లో ఇంటిపేరు చెప్పించకు. "మీరేమిట్లు?" అని కులం ఆరా తీసే ప్రశ్న భోజనాల దగ్గర మెల్లగా వస్తుంది. ఊరి పెద్దలు నిన్నే అడుగుతారు. చెప్పకు. నువ్వు చెబితే నీ పిల్లలందరూ చెప్పాల్సివస్తుంది.

ఎవడో ఒకడు "రిజర్వేషన్ బ్యాచ్" అంటాడు. అక్కడికక్కడే ఆపు. "సరదాకన్నాను మేడం" అంటాడు. అందులో సరదా ఏమిటో విడమరిచి చెప్పమను. చెప్పలేడు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడు, వెళ్లగొట్టకు, వాడూ మన పిల్లాడే. మాట పడ్డవాణ్ణి మాత్రం అందరిముందూ నిలబెట్టి చేతులు కలిపించకు. వాడికేం కావాలో విడిగా అడుగు. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదు చేస్తానంటే పక్కన నిలబడు, కాలేజీ పరువని రాజీ చెయ్యకు. అలాంటి రాజీ ఒకటి జరిగాక పిల్లాడు చదువే మానేశాడు, నా కళ్లముందే.

చెవులు వినపడని అమ్మాయి వస్తోందన్నావు. ఆ పిల్లకేసి తిరిగి మాట్లాడు, రాత్రి మీటింగుల్లో వెలుగు నీ మొహంమీద పడేలా కూర్చో.

వంటకి కాలనీ నుంచి ఒకామెని కుదుర్చుకున్నావట, సంతోషం. ఎవరొచ్చి గొణిగినా మార్చకు. మొదటి పంక్తిలో నువ్వే కూర్చో.

మీ పెదనాన్న