వంటల చరిత్ర రాస్తూ హైదరాబాద్‌లో బతకొచ్చా? నా అనుభవం

"ఎంఏ హిస్టరీ చేశాను, వంటల చరిత్ర మీద రాస్తూ బతకగలనా?" అని ఒకరు నన్ను అడిగారు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బతకొచ్చు, కానీ మొదటి నాలుగైదేళ్లు వేరే ఆదాయం ఉండాలి. నేను పొద్దున అనువాదాలు చేసుకుని మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లేదాన్ని. మొదటి వ్యాసానికి మూడు నెలలు పట్టింది, చేతికొచ్చింది 1500. 2019లో మన నగరానికి ఆహార సంస్కృతికి గాను యునెస్కో సృజనాత్మక నగరంగా గుర్తింపు వచ్చాక ఫుడ్ వాక్‌లకు, ప్రసంగాలకు పిలవడం మొదలైంది.

ఈ పనిలో వంట రావడం కన్నా పాత రాతలు చదవడం రావాలి. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో అక్కడి పూటకూళ్ల ఇంటి పద్యం ఉంది. ఒక రూకకు కప్పురభోగి అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు (నంజుకునేవి), గడ్డపెరుగు. ధరతో సహా మెనూ మొత్తం నాలుగు పాదాల్లో ఉంది! ఆ రోజుల్లో కారమంటే ముఖ్యంగా మిరియాలు. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసులతో వచ్చింది. ఈ సంగతి తెలిస్తే, "కాకతీయుల కాలం నాటి ఎర్రకారం" అని ఎవరైనా చెప్పినప్పుడు అక్కడే ఆగుతారు.

నిజాం కాలం మీద రాయాలనుంటే ఉర్దూ నేర్చుకోండి. పాత ప్రభుత్వ రికార్డులుండే తార్నాక ఆర్కైవ్స్‌లో అది రాక నాకు ఒక ఏడాది వృథా అయింది.

నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మా అమ్మమ్మ సర్వపిండి చేసేటప్పుడు పక్కనే కూర్చుని రాసుకున్నాను. గిన్నె లోపలంతా పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసేది. ఒకటి దించాక గిన్నె బోర్లించి నీళ్లు పోసి చల్లార్చి, అప్పుడే రెండోది ఒత్తేది. అవన్నీ రాశాను, కొలతలు మాత్రం అడగలేదు. నా నోట్‌బుక్‌లో "నువ్వులు తగినన్ని" అని ఉంది. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. పెద్దవాళ్లు సోలలు, గిద్దల లాంటి పాత కొలతల్లో చెప్పినా సరే, అలాగే రాసుకోండి.

వయసు గురించి టెన్షన్ పడకండి. కె.టి. అచయ నూనెల శాస్త్రవేత్త, ఇక్కడి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసిన మనిషి. భారతీయ ఆహార చరిత్ర మీద ఆయన పెద్ద పుస్తకం 1994లో వచ్చేనాటికి ఆయనకు డెబ్భై దాటాయి.

మీకు ఏ కాలం మీద ఆసక్తో చెప్పండి, ముందు ఏవి చదవాలో రాస్తాను.