గ్లాసుల లెక్కను గ్రాముల్లోకి మారిస్తే ఆవకాయ పాడైంది!

ప్రశ్న: మేడం, ఈ ఏడాది మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. భీమవరం నుంచి అమ్మ ఫోన్‌లో చెప్పిన కొలత: ఐదు గ్లాసుల ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు ఒక్కో గ్లాసు. మా 240 మిల్లీలీటర్ల గ్లాసుతో కారం తూస్తే 120 గ్రాములు వచ్చింది. అన్నీ సమానమే కదా అని మిగతా రెండూ 120 చొప్పునే తూచి కలిపాను. మూడు వారాలకే తెల్లగా బూజు పట్టింది. జాడీ పొడిగానే ఉంది, నూనె కూడా బాగానే పోశాను. తప్పెక్కడ?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఉప్పు దగ్గరేనమ్మా. అమ్మ చెప్పిన సమానం గ్లాసులో సమానం, తూకంలో కాదు. ఆ గ్లాసులో మెత్తటి ఉప్పు 280 గ్రాముల దాకా పడుతుంది, కారం మీరే చూశారుగా, 120. అంటే పడాల్సిన ఉప్పులో సగం కూడా పడలేదు. ఆవకాయలో ఉప్పు రుచి కోసమే కాదు, ముక్కలోని నీటిని బయటికి లాగి బూజు పెరగకుండా ఆపే పని కూడా దానిదే. ఎంత బాధగా ఉన్నా ఆ జాడీ పచ్చడి పారేయండి, పైపైన తీసేసి వాడొద్దు, బూజు కంటికి కనిపించినంత వరకే ఉండదు.

ఈసారి ఇలా చేయండి. ఖాళీ గ్లాసు తూకం మీద పెట్టి సున్నా చేసి, నిండా నీళ్లు పోయండి, ఎన్ని గ్రాములు వస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. తర్వాత గ్లాసు తుడిచి ఆరబెట్టి కారం, ఆవపిండి, ఉప్పు విడివిడిగా పోసి, గోపురం లేకుండా పైన సమం చేసి, దేని తూకం దానికి రాసుకోండి. ఒకదాని లెక్క ఇంకోదానికి ఎప్పుడూ పనికిరాదు. అమ్మ వేసేది ఏ ఉప్పో కూడా అడగండి, ఎందుకంటే కల్లుప్పు పలుకులుగా ఉంటే మధ్యలో ఖాళీలుండి అదే గ్లాసులో తక్కువ బరువు పడుతుంది, మెత్తగా దంచితే ఎక్కువ పడుతుంది. నూనె సంగతీ అంతే, మన దగ్గర లీటరు ప్యాకెట్ మీద చూడండి, 910 గ్రాములని ఉంటుంది, కిలో కాదు. అందుకే పప్పునూనె లీటర్లలో చెబితే లీటర్లలోనే కొలవండి.

నాకైతే తూకమే ఇష్టం, ఏటా ఒకే రుచి వస్తుంది. కానీ ముందు అమ్మ గ్లాసు ఎంతదో తెలియాలి, మీ గ్లాసూ ఆవిడ గ్లాసూ ఒకటే అనుకోవద్దు. ఆవిడ చేత కూడా నీళ్లు పోయించి కొలిపించండి.

ప్రశ్న: రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పుతో కేకుకు మైదా కొలవచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అది మామూలుగా 180 మిల్లీలీటర్లది. అమెరికా వంటకాల్లో కప్పు అంటే దాదాపు 240. అన్నీ మీ కప్పుతోనే కొలిచినా గుడ్లు, చెంచాతో వేసే బేకింగ్ పౌడర్ తగ్గవు కదా, అక్కడ లెక్క తప్పుతుంది. మీ కప్పుతో నాలుగు పోస్తే వాళ్ల కప్పులు మూడు. మైదా మాత్రం చెంచాతో వదులుగా నింపండి, అలా అయితే వాళ్ల కప్పుకు 120 గ్రాములు వస్తుంది, డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా పోయి కేకు గట్టిపడుతుంది.