కౌన్సెలింగ్‌లో నన్నే తప్పు పట్టారు.. సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా పెళ్లయి ఆరేళ్లు. మా ఆయనది ఒంగోలు. తాగొచ్చి కొడతాడు. పోయిన నెల చెవి మీద గట్టిగా కొడితే ఆస్పత్రికి వెళ్లాను. ఆ తర్వాత పాపను తీసుకుని గుంటూరులో అమ్మ వాళ్లింటికి వచ్చేశాను. ఇక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే కౌన్సెలింగ్‌కు పిలిచారు. అక్కడి మేడమ్ ‘మగాడు ఊరికే చెయ్యి చేసుకుంటాడా? నువ్వేమన్నావ్?’ అన్నారు. సోమవారం వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ‘నా వల్ల జరిగిన పొరపాట్లు సరిదిద్దుకుని కాపురానికి వెళ్తున్నాను’ అని అందులో ముందే రాసి ఉంది. పెట్టకపోతే కేసు నిలవదట. నిజమేనా?
- ఓ సోదరి, గుంటూరు

జవాబు: నిజం కాదమ్మా. ఆ సంతకం పెట్టకండి. ఆ వాక్యంలో మీ పొరపాట్లున్నాయి గానీ ఆయన కొట్టిన దెబ్బ లేదు. రేపు భరణం దగ్గరో పాప కస్టడీ దగ్గరో ఆయన లాయరు ముందుగా తీసేది ఆ కాగితమే.

మీరు ఎదురు మాట్లాడే ఉండొచ్చు. కాపురంలో మాటా మాటా అనుకోనివాళ్లెవరు? దానికి కొట్టే హక్కు రాదు. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల్లో 14వది ఈ విషయం సూటిగా చెబుతుంది. ‘ఆవిడ ఇలా అంది కాబట్టి కొట్టాను’ అని భర్త కౌన్సెలింగ్‌లో సమర్థించుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి కౌన్సెలింగ్ మొదలుపెట్టకముందే ఆయనకు చెప్పాలి. ఇకపై హింసించనని హామీ రాసివ్వాల్సింది ఆయనే. రాజీ ప్రయత్నం కూడా మీరు కోరుకుంటేనే. భర్తే అనకూడని మాట కౌన్సెలరే అంటే ఎలా?

ఒక మెలిక ఉంది. ఈ నియమం మేజిస్ట్రేట్ పంపే కౌన్సెలింగ్‌కు వర్తిస్తుంది. స్టేషన్‌లో జరిగేది అది కాదు. అయితే స్టేషన్‌లో ఆ కాగితం మీద సంతకం పెడితేనే గృహహింస కేసు వేయాలని కూడా ఏ చట్టమూ అనదు. ఇక భర్త వేధింపులపై క్రిమినల్ కేసు, అంటే పాత ఐపీసీ 498ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. దీనిపై డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. రాజీ కాగితం వచ్చేదాకా ఫిర్యాదును తొక్కిపెట్టడం కుదరదు. కేసు కట్టకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు. ఆ మేడమ్ అన్న మాటలు కూడా తేదీ వేసి ఎస్పీకి రాయండి.

ఒంగోలు వెళ్లి కేసు వేయాలేమో అనే టెన్షన్ వద్దు. మీరు తలదాచుకున్న చోటే గృహహింస పిటిషన్ వేయవచ్చు. క్రిమినల్ ఫిర్యాదుకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో రూపాలీదేవి కేసులో చెప్పింది. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో రక్షణాధికారిని కలిస్తే మీపై జరిగిన హింస గురించి నివేదిక తయారుచేసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. మామూలుగా 3 రోజుల్లోపే మొదటి వాయిదా వేయాలి. ఫీజు భయం ఉంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఆస్పత్రి చీటీ జాగ్రత్త. అక్కడ భయపడి ‘జారిపడ్డాను’ అని చెప్పి ఉంటే దాచకండి. అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పిటిషన్‌లోనే రాయించండి.