నేను లేకపోతే పని ఆగిపోతుందంటారు, ప్రమోషన్ మాత్రం ఇవ్వరు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒకే కంపెనీలో, అకౌంట్స్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నెలాఖరు లెక్కలు తేలకపోయినా, ఆడిటర్లు పాత కాగితాలు అడిగినా, కొత్తవాళ్లకు పని నేర్పాలన్నా అందరూ నా దగ్గరికే వస్తారు. మొన్న టీమ్ లీడర్ పోస్టు ఖాళీ అయితే, నేను పని నేర్పిన అబ్బాయికి ఇచ్చారు. అతను చేరి నాలుగేళ్లే. మా మేనేజరేమో ‘మీరు లేకపోతే ఈ సెక్షన్ నడవదమ్మా’ అని ఎప్పుడూ అంటుంటారు. ఇంటికొచ్చాక ఏడుపొస్తోంది, పిల్లల మీద విసుక్కుంటున్నాను. మావారు మానెయ్యమంటున్నారు. ఎవరినీ కాకా పట్టడం నాకు చేతకాదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మేనేజర్ అన్న మాటను మీరు మెచ్చుకోలుగా రాశారు. మెచ్చుకోలే, కాదనను. కానీ ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని ఆ మాట మళ్లీ వినండి. మిమ్మల్ని అక్కడినుంచి కదిపితే నెలాఖరుకు ఆయనకు నిద్ర పట్టదు. ఆ అబ్బాయిని కదిపితే ఏ పనీ ఆగదు. ఇందులో కుట్ర ఉందనుకోను. తాము ఇలా చేస్తున్నామని చాలామంది మేనేజర్లకు తట్టదు కూడా.

మనం నేర్పినవాళ్లు మన పైన కూర్చుంటే కడుపు రగలడం సహజం. అందుకు సిగ్గుపడకండి. పిల్లలకు మాత్రం ‘ఆఫీసులో ఒక విషయం వల్ల చిరాగ్గా ఉన్నాను, మీ మీద కోపం కాదు’ అని చెప్పేయండి. చెప్పకపోతే తప్పు తమదేననుకుంటారు.

ఇక అసలు విషయం. ఆఫీసులో కొన్ని పనులు చేయకపోతే అందరికీ తెలుస్తుంది, చేస్తే ఎవరికీ తెలియదు. కొత్తవాళ్లకు నేర్పడం, ఎవరో తప్పుగా వేసిన ఎంట్రీలు సరిచేయడం, ఆడిటర్ల కోసం పాత ఫైళ్లు తవ్వడం అలాంటివే. మీ ఉత్తరం నిండా అవే ఉన్నాయి. అమెరికాలో లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు ఇలాంటి పేరు రాని పనుల మీద ప్రయోగాలు చేసి 2017లో ప్రచురించారు. ఆడా మగా కలిసి ఉన్న బృందాల్లో ఆ పని నెత్తినేసుకున్నది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లే ఉన్న బృందాల్లో మాత్రం వాళ్లే ముందుకొచ్చారు. అంటే అలాంటి పని ఆడవాళ్లకు ఇష్టమనేం కాదు, ‘ఆవిడ చేస్తుందిలే’ అని మిగతావాళ్లు ఊరుకుంటారు. మీ సెక్షన్లో ఆ ‘ఆవిడ’ మీరే.

మరి మేనేజర్‌కు ఇదంతా కనిపించదా? కొంత కనిపిస్తుంది, కొంత మరిచిపోతారు. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా, ‘ఇంటి పనిలో మీ వంతు ఎంత?’ అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి లెక్కా కలిపితే నూటికి మించిపోయింది. అబద్ధమాడారని కాదు. ఎవరి కష్టం వాళ్లకే బాగా గుర్తుంటుంది. (ఈ సూత్రం మీకూ నాకూ కూడా వర్తిస్తుంది. ఆ అబ్బాయి చేసిన పనులన్నీ మీకు గుర్తుంటాయని నేననుకోను.)

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఆ పోస్టు నాకు కావాలని అడిగాను’ అన్న మాట ఎక్కడా లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అక్కడ ఉన్నది అమ్మ కూడా కాదు. అడగడాన్ని మీరు కాకా పట్టడం కింద జమ కట్టేసినట్టున్నారు. చేయని పని చేశానని చెప్పుకోవడం, పై అధికారి జోకులకు నవ్వడం కాకా పట్టడం. చేసిన పని చెప్పడం లెక్క ఒప్పజెప్పడం. అది మీకు నేర్పక్కర్లేదు.

అప్రైజల్ ఫారం సంగతే తీసుకుందాం. అందులో మీరేం రాశారో ఊహించగలను: ‘అప్పగించిన పనులన్నీ సకాలంలో పూర్తి చేశాను.’ ఉద్యోగం కొత్తలో నేనూ ఇదే రాసేవాణ్ని, హుందాగా ఉంటుందని. ఆ వాక్యం ఎవరి ఫారంలో పెట్టినా అతుకుతుంది. దాని బదులు, మీ విషయంలో నిజమైతేనే, ఇలా రాయండి: ‘ఆరు రోజులు పట్టే నెలాఖరు ముగింపును నాలుగు రోజులకు తెచ్చాను. ముగ్గురు కొత్తవాళ్లకు పని నేర్పాను, వాళ్లిప్పుడు సొంతంగా చేస్తున్నారు.’ ఏడాది చివర కూర్చుంటే సగం గుర్తుండవు కాబట్టి ప్రతి శుక్రవారం ఓ పది నిమిషాలు డైరీలో రాసుకోండి.

తర్వాత మేనేజర్‌ను ఓ ఇరవై నిమిషాలు టైమ్ అడగండి. కారిడార్‌లో నిలబడి మాట్లాడే విషయం కాదిది. ఆ అబ్బాయి పేరెత్తొద్దు. ఎత్తారా, మాటలు అతని చుట్టూ తిరుగుతాయి, మీరు పక్కకి పోతారు. ‘ఈ తరహా పోస్టు మళ్లీ వస్తే నాకు కావాలండీ. అప్పటికి నా పనిలో మీకు ఏం కనపడాలి?’ అని అడిగి ఆగిపోండి. ఆయన ఇబ్బందిపడి నిశ్శబ్దంగా ఉంటే మీరే సర్దిచెప్పేయకండి, అది మన పాత అలవాటు. ‘చూద్దాం’ అంటే, ‘ఎప్పుడు మాట్లాడమంటారు?’ అని తేదీ అడగండి. ఆ సాయంత్రమే, అనుకున్నవి మూడు ముక్కల్లో మెయిల్ పెట్టండి. చాలా చోట్ల ఫారాలు చేతికొచ్చేసరికే పేర్లు ఖాయమైపోయి ఉంటాయి. అందుకే ఈ మాట మూడు నాలుగు నెలల ముందే పడాలి.

అయితే టీమ్ లీడర్ పనిలో సగం సెలవులూ తగాదాలూ సర్దడమే. అది మీకు నిజంగా కావాలో లేదో మాత్రం ముందే తేల్చుకోండి. అక్కర్లేదనుకుంటే పోస్టు కాకుండా జీతం, గ్రేడు అడగండి.

మీవారి సలహా కొట్టిపారేయను, కానీ కోపంలో రాజీనామా వద్దు. రెజ్యూమె సిద్ధం చేసుకుని రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్లండి. బయట మీ విలువెంతో తెలిస్తే లోపల మాట్లాడే గొంతు కూడా మారుతుంది. అడిగిన తర్వాత రెండు విడతల ప్రమోషన్లు చూసినా ‘చూద్దాం’ దాటకపోతే, అప్పుడు వెళ్లిపోవడమే మంచిది.

చివరగా, అన్నిటికంటే భయపెట్టే పని. నెలాఖరు లెక్కల పద్ధతి అంతా కాగితం మీద పెట్టి, ఇద్దరికి నేర్పి, ఒక నెల మీరు చెయ్యి పెట్టకుండా వాళ్లచేత చేయించండి. అలా చేస్తే నా అవసరం తీరిపోదా అంటారేమో. ఆ కుర్చీలో అవసరం తీరితేనే మిమ్మల్ని పై కుర్చీకి పంపడానికి ఆయనకు ధైర్యం వస్తుంది. ఈసారి ఆయన ‘మీరు లేకపోతే నడవదమ్మా’ అన్నప్పుడు నవ్వి ఊరుకోకండి. ‘నడిచేలా ఇద్దరికి నేర్పుతున్నానండీ, వచ్చే నెల చూడండి’ అనండి.