మన పోలీసులు సైన్యంలా తయారవుతున్నారా? మార్చే దారి ఉందా?

అమెరికాలో సైన్యం వాడి పక్కన పెట్టిన సామాన్లు 1997 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టం కింద ఊళ్ల పోలీసులకి చేరుతుంటాయి. 2014లో అక్కడి ఫెర్గూసన్ ఊళ్లో ఓ నల్లజాతి కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపాక జరిగిన నిరసనలప్పుడు దానిమీద పెద్ద రచ్చే జరిగింది. ఇక్కడా అదే వస్తోందా అని మీ ప్రశ్న. మా కోనసీమలో కవచ వాహనం తిప్పాలంటే ముందు కాలవగట్టు రోడ్డు దాన్ని మోయాలి కదా! నా గొడవ సామాన్లతో కాదు, ఊరు తెలియని మనుషులతో.

2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవై అమలాపురం తగలబడింది. మర్నాడు మా సెంటర్లో పికెట్ పెట్టారు. అసలే రోహిణి కార్తె. ఎక్కడినుంచో తెచ్చిన కుర్రాళ్లు ఛాతీకి, మోకాళ్లకి గార్డులు కట్టుకుని, హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. చెమటకి చొక్కాల మీద ఉప్పు చారలు. మా పిన్ని జాలిపడి బొండాలు కొట్టిచ్చింది. "ఈ ఊళ్లో గొడవ ఎక్కడ జరిగిందమ్మా?" అని ఒకబ్బాయి అడిగాడు. మా ఊళ్లో గొడవే జరగలేదు. ఆ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు, పాపం.

ఆ రాత్రి కరెంటు పోయింది. రొయ్యల చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చి పైకి తేలిపోతుంది. బాబాయి జనరేటర్ కోసం డీజిల్ డబ్బా పట్టుకుని చెరువుకి బయల్దేరాడు. ఇళ్లు తగలబెట్టిన మర్నాడు, చీకట్లో, చేతిలో డీజిల్! పికెట్ వాళ్ల లాఠీ దెబ్బలు పిక్కల మీద రెండు తగిలాయి. మా స్టేషన్ హెడ్ కానిస్టేబుల్, అదే మా హెడ్డుగారు, బండి మీద వచ్చి "ఈయనకి చెరువుంది సార్" అంటే గానీ వదల్లేదు. షీల్డూ లాఠీ లేని ఆ ఒక్క మాటకే పని జరిగింది. ఈలోపు చెరువులో సగం పోయింది. ఇంటర్నెట్ కూడా ఆపేశారు, సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లతో గోదావరి ఒడ్డుకి పరిగెత్తారు. అదో తద్దినం.

సంస్కరణ అంటారా? మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది, స్టేషన్ అధికారిని కనీసం రెండేళ్లు కదపొద్దని. మా దగ్గర రెండేళ్లు నిలిచిన ఎస్సైని నేనైతే చూడలేదు. ఎమ్మెల్యే లెటర్ లేకుండా పోస్టింగ్ వస్తుందంటే మా టీ కొట్టు దగ్గర నవ్వుతారు. సిపాయిల తిరుగుబాటు అణిచాక తెల్లవాళ్లు రాసుకున్న 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30 పేరు చెప్పి ఇప్పటికీ ఊరేగింపులు ఆపుతున్నారు.

ఆ హెడ్డుగారు ఊళ్లో కనబడటమే గగనం. నాయకుడు వస్తున్నాడంటే బందోబస్తు, తీర్థం అంటే బందోబస్తు, సినిమా ఫంక్షన్ అన్నా బందోబస్తే. ఇక ఆయన బీటు తిరిగేదెప్పుడు?