వీసా తిరస్కరణపై బెర్లిన్ కోర్టుకెళ్ళే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీ చదువు వీసా ఇవ్వలేదని, కోర్టుకెళ్తానని రాశావు. ముందు ఆ తిరస్కరణ పత్రం నీ చేతికి ఏ రోజు అందిందో దాని మీదే రాసిపెట్టు. కవరు కూడా పారేయకు.

కాన్సులేటుకే మళ్ళీ మొరపెట్టుకునే ‘రెమాన్‌స్ట్రేషన్’ను 2025 జూలై 1 నుంచి ఎత్తేశారు. ఇక కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బెర్లిన్‌లోని ‘ఫెర్వాల్టుంగ్స్‌గెరిష్ట్’కు, అంటే పాలనా వ్యవహారాల కోర్టుకు వెళ్ళాలి. నువ్వు చేరేది మ్యూనిక్‌లోనైనా కేసు నడిచేది బెర్లిన్‌లోనే. ప్రతివాది జర్మనీ ప్రభుత్వం, దాని తరఫున నిలబడేది విదేశాంగ శాఖ. ఆ ప్రభుత్వం కొలువున్నది బెర్లిన్‌లోనే కదా.

సర్కారు మీద సర్కారు కోర్టులో గెలుస్తామా అన్నాడట మీ నాన్న. క్రాయిట్స్‌బెర్గ్ తీర్పు గురించి చెప్పు. క్రాయిట్స్‌బెర్గ్ అంటే బెర్లిన్‌లో ఒక గుట్ట. దాని మీది విజయ స్మారకం కనబడకుండా పోతుందని చుట్టూ ఎత్తు ఇళ్ళు కట్టొద్దన్నారు బెర్లిన్ పోలీసులు. 1882 జూన్ 14న ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యపు ఉన్నత పాలనా కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. పోలీసుల పని ప్రమాదాన్ని ఆపడమే తప్ప అందాన్ని కాపాడటం కాదంది. అధికారికి చట్టం ఇచ్చినంతే అధికారం అన్న ఆ మాట మీదే ఈ కోర్టులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇప్పుడు అమల్లో ఉన్న విచారణ చట్టం 1960 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది.

పత్రం చివర అప్పీలు సూచన, అంటే ఏ కోర్టుకు ఎన్నాళ్ళలో వెళ్ళాలో చెప్పే మాట, ఉంటే గడువు ఒక నెల. సూచన లేకపోయినా, తప్పుగా ఉన్నా ఏడాది. జనవరి 31న అందితే ఫిబ్రవరి ఆఖరి రోజుతో సరి. అది శనివారమో ఆదివారమో అయితే సోమవారం దాకా ఆగుతారు. లెక్కలోకి వచ్చేది కాగితం కోర్టుకు చేరిన రోజు, నువ్వు ఇక్కడ పోస్టు చేసిన రోజు కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు ఈమెయిల్ చెల్లదు. సంతకం చేసిన కాగితం పోస్టులోనో ఫ్యాక్సులోనో వెళ్ళాలి, అదీ జర్మన్‌లోనే. ఇంగ్లిషులో రాసి గడువు దక్కిందనుకోకు.

మొదటి కాగితం ఒక పేజీ చాలు. నీ పేరు, చిరునామా, ప్రతివాది, తిరస్కరణ తేదీ, వీసా ఇమ్మని ఆదేశించాలన్న కోరిక రాసి, పత్రం నకలు జతచెయ్యి. కారణాలు తర్వాత పంపుతానని ఒక వాక్యం చేర్చి, ఫైలు చూసే అనుమతి అడుగు. కాన్సులేటు ఫైల్లో అధికారి ఏం రాసుకున్నాడో చూడకుండా వాదన రాస్తే చీకట్లో బాణం వేసినట్టే. ఇండియాలో ఉన్నావు కనుక జర్మనీలో ఉత్తరాలు అందుకునే మనిషిని చూపమని కోర్టు అడగొచ్చు. నమ్మకమైన వాళ్ళని ముందే మాట్లాడిపెట్టుకో.

ఖర్చు గురించి. ఈ కోర్టులో లాయరు తప్పనిసరి కాదు, పై కోర్టుకెళ్తేనే కావాలి. వివాదం విలువను 5,000 యూరోలుగా లెక్కగడితే కోర్టు ఫీజు 511.50 యూరోలు. గెలిస్తే తిరిగొస్తుంది. తీర్పు దాకా లాగకుండా కేసు వేళకి వెనక్కి తీసుకుంటే మూడో వంతే, 170.50. లాయరు ఫీజు వేరు.

వాదనలో కన్నీళ్ళొద్దు. చదువు మీద అనుమానమా, డబ్బు మీదా, ఏ కారణం రాశారో దానికే కాగితంతో జవాబివ్వు. ఇలాంటి కేసులో జడ్జి సాధారణంగా విచారణ నాటి పరిస్థితి చూస్తారు. కాబట్టి బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకింతని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు అప్పటికీ ఉండాలి, సీటు కూడా బతికుండాలి. కేసు నెలల తరబడి సాగితే సెమిస్టరు దాటిపోతుంది, సీటు పోతే కేసులో సారం పోతుంది. అందుకే యూనివర్సిటీ నుంచి తర్వాతి సెమిస్టరుకు కొత్త అడ్మిషన్ తీసుకుంటూ ఉండు. అత్యవసర ఉత్తర్వు అడగొచ్చు గానీ, వీసా ముందే చేతిలో పెట్టడమంటే అసలు తీర్పు ముందే ఇచ్చినట్టు కనుక కోర్టు ఊరికే ఒప్పుకోదు.

లోపం కాగితాలదే అయితే కోర్టు మాట మానెయ్. కొత్త దరఖాస్తే త్వరగా తేలుతుంది. అధికారి చట్టాన్ని తప్పుగా చదివాడనిపిస్తేనే బెర్లిన్ మెట్లెక్కు.

పత్రం చివరి పేజీ, కవరు మీది తేదీ కనబడేలా ఫొటో తీసి ఈ రాత్రికే పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న