టీవీలో రాని సీరియల్‌కి ఇంతమంది అభిమానులా?

ప్రశ్న: ‘కుంగ్‌ఫూ పాండా’కి గొంతు ఇచ్చిన జాక్ బ్లాక్ కామెడీ సీరియల్ ఒకటి మొదటి ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయిందట, అసలు టీవీలోనే రాలేదట. మరి అభిమానులు ఎక్కణ్నుంచి వచ్చారండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు అడిగింది ‘హీట్ విజన్ అండ్ జాక్’ గురించి. 1999లో అమెరికాలో ఫాక్స్ ఛానల్ కోసం తీశారు. అక్కడ ముందు నమూనాగా ఒక ఎపిసోడ్ తీసి ఛానల్ పెద్దలకు చూపిస్తారు, పైలట్ అంటే అదే, వాళ్లు సరేనంటేనే మిగతావి తీస్తారు. దీన్ని వద్దన్నారు.

కథ వినండి. జాక్ ఆస్టిన్ అనే వ్యోమగామి సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లొస్తాడు, అప్పట్నుంచి ఒంటిమీద ఎండ పడితే చాలు అపర మేధావి అయిపోతాడు, పొద్దుగూకితే మళ్లీ మామూలు మనిషే. పనీపాటా లేని అతని రూమ్మేట్ ఓ మోటార్‌సైకిల్‌లో కలిసిపోయి మాట్లాడే బండి అవుతాడు (ఆ గొంతు ఓవెన్ విల్సన్‌ది, 2006లో ‘కార్స్’లో ఎర్ర కారుకు మాట్లాడిందీ ఆయనే). వీళ్లను నాసా తరుముతుంటుంది. నాసా తరఫున వెంటపడేది రాన్ సిల్వర్ అనే నిజం నటుడు, అదీ తన సొంత పేరుతోనే!

ఎండ తగలగానే జాక్ బ్లాక్ “నాకు అన్నీ తెలుసు!” అని అరుస్తాడు చూడండి, అక్కడ ‘ఇదంతా సరదాకేలే’ అన్న ఛాయ కూడా ముఖంలో కనిపించదు, ప్రాణం పెట్టి చేస్తాడు. నన్నడిగితే అసలు నవ్వంతా అక్కడే ఉంది. మాట్లాడే కారు ఉన్న ‘నైట్ రైడర్’ లాంటి పాత సీరియళ్లు, మన దూరదర్శన్‌లో వచ్చిన సూపర్ బైకు ‘స్ట్రీట్ హాక్’ లాంటివి ఇష్టంగా చూసినవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. అవేవీ తెలియని ప్రేక్షకుడికి మాత్రం ఇదేం గోలరా అనిపించవచ్చు.

వద్దన్నాక క్యాసెట్ కాపీలు చేతులు మారాయి, తర్వాత ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఈలోగా జాక్ బ్లాక్ పెద్ద స్టార్ అయ్యాడు, రాసిన ఇద్దరిలో ఒకరైన డాన్ హార్మన్ 2009లో ‘కమ్యూనిటీ’, 2013లో మరొకరితో కలిసి ‘రిక్ అండ్ మోర్టీ’ అనే కామెడీ సీరియళ్లు తెచ్చాడు, దాంతో వాళ్ల అభిమానులంతా పాతది వెతుక్కుని మరీ చూశారు. కనీసం ఆరు ఎపిసోడ్లకైనా అవకాశం ఇవ్వాల్సిందని నాకిప్పటికీ గట్టిగా అనిపిస్తుంది.

చూడాలంటే అరగంట చాలు. మొదట్లో దర్శకుడు బెన్ స్టిల్లరే వచ్చి మాట్లాడతాడు, అది మాత్రం దాటేయకండి.